రోగనిరోధక ‘శక్తి’ అనే మాట మార్చండి

సంపాదకులకు నమస్కారం.

నాలుగు వానలు పడి జ్వరాలు మొదలైతే చాలు, మీ జిల్లా పేజీల్లో ఒకే మాట తిరుగుతుంటుంది: రోగనిరోధక శక్తి పెంచుకోండి. పక్క కాలమ్‌లో అదే మాటతో చూర్ణం ప్రకటన ఉంటుంది. కరోనా సద్దుమణిగి ఏళ్లు గడిచాయి గానీ ఈ మాట మాత్రం పోలేదు. నెల్లూరులోనూ ఒంగోలులోనూ జింకు బిళ్లలు, కషాయం పొట్లాలు ఇంకా దాని పేరుతోనే అమ్ముడవుతున్నాయి. మేము జీవరసాయనం, సూక్ష్మజీవశాస్త్రం పాఠాలు చెప్పేవాళ్లం. మా ఫిర్యాదు చూర్ణం మీద కాదు, మాట మీద. ‘శక్తి’ అన్నాక అది ఎంత ఎక్కువుంటే అంత మేలని ఎవరైనా అనుకుంటారు. కరోనా ముదిరిన చాలామందిలో ఆ శక్తికి కొరత లేదు. అది వేళ తప్పింది, చోటు తప్పింది.

దీనికి పెద్ద రుజువు ఒక చవక మందు. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ అధ్యయనం డెక్సామెథసోన్ ఫలితాలు బయటపెట్టింది. మోతాదు రోజుకు 6 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 10 రోజులు. వెంటిలేటర్ మీదున్నవారిలో 28 రోజుల్లోపు చనిపోయినవారు మామూలు వైద్యంతో 41.4 శాతమైతే, ఈ మందు కూడా ఇచ్చినప్పుడు 29.3 శాతం. ఆక్సిజన్ మాత్రమే పెట్టించుకుంటున్నవారిలో 26.2 నుంచి 23.3కు తగ్గింది. ఆక్సిజన్ అవసరమే లేనివారిలో లెక్క తిరగబడింది: మందు లేకుండా 14.0, మందుతో 17.8. ఈ చివరి తేడా గణాంకాల ప్రకారం గట్టిది కాదు, కానీ వాళ్లకు మేలేమీ జరగలేదన్నది స్పష్టం. డెక్సామెథసోన్ వైరస్‌ను చంపే మందు కాదు. అది చేసేదల్లా మన నిరోధక కణాల జోరును అణచడం. రోగం ‘శక్తి తగ్గడం’ వల్లే ముదిరేదైతే, ఆ శక్తిని అణచే మందుతో ప్రాణాలు ఎలా నిలిచాయి? మరి అదే మందు వారం ముందు ఎందుకు పనికిరాలేదు?

జవాబు వైరస్ ప్రోటీన్లలో ఉంది. కరోనా తెచ్చే వైరస్ సార్స్-కోవ్-2కు సుమారు 30 వేల అక్షరాల ఆర్ఎన్ఏ, అంటే జన్యు రాత, ఉంటుంది. దాని నుంచి తయారయ్యే ప్రోటీన్లు ముప్పై దాకా. అందరికీ తెలిసిన ముళ్ల ప్రోటీన్, అంటే స్పైక్, వాటిలో ఒకటి మాత్రమే. వైరస్ ఒడలు కట్టే నిర్మాణ ప్రోటీన్లు నాలుగు: ముల్లు ‘ఎస్’, పొర ‘ఎం’, కవచం ‘ఈ’ (E), లోపల ఆర్ఎన్ఏను చుట్టుకుని ఉండే ఎన్. మిగిలినవి వైరస్ కణంలో దూరాక మన సరంజామాతోనే తయారు చేయించుకునేవి. చాలామంది వదిలేసేది వీటినే. కథ మొదలయ్యేదీ వీటితోనే.

వైరస్ సోకిన కణం మామూలుగా గంటల్లోనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను బయటికి వదలాలి. పక్క కణాలకు అది దండోరా లాంటిది. ఈ దండోరాను ఆపడానికి వైరస్ కనీసం మూడు చోట్ల అడ్డం పడుతుంది. కణంలో ప్రోటీన్లు తయారు చేసే యంత్రం రైబోజోము, తయారీ సూచన మోసుకొచ్చేది ఎంఆర్ఎన్ఏ. ఎన్ఎస్‌పీ-1 అనే ప్రోటీన్ తన తోకను రైబోజోములో ఎంఆర్ఎన్ఏ దూరే సందులో బిరడాలా బిగిస్తుంది. దాంతో మన ప్రోటీన్ల తయారీ ఆగుతుంది, వైరస్‌వి మాత్రం సాగుతాయి, ఎందుకంటే వైరస్ ఎంఆర్ఎన్ఏ మొదట్లో ఆ బిరడాను తప్పించుకునే మెలిక ఉంది. ఓఆర్ఎఫ్-6 కేవలం 61 అమైనో ఆమ్లాల ముక్క. అది కణకేంద్రకం ద్వారం దగ్గర కూర్చుని, ఇంటర్‌ఫెరాన్ కబురు మోసుకొచ్చే స్టాట్-1 అనే ప్రోటీన్‌ను లోపలికి పోనివ్వదు. ఓఆర్ఎఫ్-9బి అనే ఇంకో వైరస్ ప్రోటీన్, కణానికి ఇంధనం అందించే మైటోకాండ్రియా మీదుండే టామ్-70 ప్రోటీన్‌ను పట్టుకుని అక్కడి హెచ్చరికను నొక్కేస్తుంది. అందుకే మొదటి నాలుగైదు రోజులు ఒంట్లో వైరస్ దండిగా ఉన్నా కొందరికి గొంతు గరగర తప్ప ఏమీ తెలియదు. రోగి బాగున్నాడనుకుంటాం, లోపల దండోరా పడలేదు.

కొందరికి ఈ దండోరా ముందే మూగబోయి ఉంటుంది. 2020లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధనలో ప్రాణాల మీదికి వచ్చిన 987 మంది కరోనా రోగులను పరీక్షిస్తే, 101 మంది రక్తంలో తమ సొంత ఇంటర్‌ఫెరాన్‌నే నిర్వీర్యం చేసే యాంటీబాడీలు దొరికాయి. ఆ 101లో 95 మంది మగవాళ్లు. రోగం తేలిగ్గా పోయిన 663 మందిలో ఒక్కరికీ అవి లేవు. యాంటీబాడీ అంటే ఎప్పుడూ మన పక్షమే అనుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

దండోరా ఆలస్యమైన కొద్దీ వైరస్ సరుకు పేరుకుంటుంది. ఐదో రోజు తర్వాత, కొందరికి ఏడో రోజున, నిరోధక కణాలు ఆ కుప్ప మీద ఒక్కసారిగా పడతాయి. ఇక్కడ ప్రోటీన్ల పాత్ర మారుతుంది. అప్పటిదాకా నోరు మూయించినవి వెనక్కి తగ్గి, రెచ్చగొట్టేవి ముందుకొస్తాయి. కవచంలోని ‘ఈ’ (E) ప్రోటీన్ 75 అమైనో ఆమ్లాల చిన్న వస్తువు. దాన్ని మన కణాల మీదుండే టీఎల్ఆర్-2 అనే కాపలా గ్రాహకం గుర్తుపట్టి అలారం మోగిస్తుందని 2021లో తేలింది. ఎన్ ప్రోటీన్ వైరస్ సరుకులోకెల్లా ఎక్కువగా ఉండేది. ఇంట్లో ముక్కులో పుల్ల పెట్టి చేసుకున్న ర్యాపిడ్ కిట్‌లో గీత పడేది దానివల్లే. ఈ ఎన్, కణంలో ఎన్ఎల్ఆర్‌పీ-3 అనే యంత్రాన్ని బిగిస్తుంది. ఆ యంత్రం కాస్పేజ్-1 అనే కత్తెరను తెరుస్తుంది. ఆ కత్తెర, మంట రేపే ఐఎల్-1 బీటా అనే ప్రోటీన్‌ను కత్తిరించి పనిలోకి పంపుతుంది, గాస్‌డెర్మిన్ అనే ప్రోటీన్‌ను కూడా కత్తిరిస్తుంది. తెగిన గాస్‌డెర్మిన్ కణం పొరకు చిల్లులు పెడుతుంది. కణం పగిలి లోపలి సరుకంతా బయటపడుతుంది. ఆ సరుకును చూసి పక్క కణాలు రెచ్చిపోతాయి.

ఈ విషయంలో తెలుగువాళ్లకు తెలియాల్సిన పేరు తిరుమలాదేవి కన్నెగంటి. కొత్తగూడెంలో పుట్టి, కాకతీయ, ఉస్మానియా విశ్వవిద్యాలయాల్లో చదివి, అమెరికాలోని మెంఫిస్‌లో సెయింట్ జూడ్ పిల్లల పరిశోధనా ఆసుపత్రిలో ప్రయోగశాల నడుపుతున్నారు. పైన చెప్పిన ‘ఈ’ (E) ప్రోటీన్, టీఎల్ఆర్-2 సంగతి తేల్చింది ఆమె బృందమే. సైటోకైన్లంటే నిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు ప్రోటీన్లు. కణాలను చంపే సైటోకైన్ల జంటనూ వాళ్లే పట్టుకున్నారు. టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా విడివిడిగా ఉంటే కణం తట్టుకుంటుంది, రెండూ కలిస్తే చనిపోతుంది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పై పేరాల్లో దండోరా వేసిన ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా, బీటాలు వేరు, ఈ గామా వేరు. ఇంటర్‌ఫెరాన్ మంచిదా చెడ్డదా అని అడిగితే, ఏ రకం, ఎన్నో రోజు అని మేము తిరిగి అడగాల్సి వస్తుంది.

స్పైక్ సంగతి. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం అది రక్తం గడ్డకట్టించే ఫైబ్రిన్‌కు అతుక్కుంటుంది. అలా ఏర్పడిన గడ్డ దట్టంగా ఉంటుంది, త్వరగా కరగదు, పైగా ఆ గడ్డే నిరోధక కణాలను రెచ్చగొడుతుంది. ఊపిరితిత్తుల్లో సన్న గడ్డలు ఎందుకన్న ప్రశ్నకు ఇది ఒక జవాబు. ఇందులో ఎక్కువ భాగం ఎలుకల మీద చూసినదని మరవకూడదు.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం అదే ఏడాది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్ శాఖ నుంచి వచ్చిన పని. వైరస్ చచ్చాక దాని ప్రోటీన్లను మన ఎంజైములు ముక్కలు చేస్తాయి. ఆ ముక్కల్లో కొన్ని మన ఒంట్లోనే తయారయ్యే ఎల్ఎల్-37 అనే చిన్న రక్షణ ప్రోటీన్‌ను పోలి ఉన్నాయని కంప్యూటరు సాయంతో వెదికి పట్టుకున్నారు. ఎల్ఎల్-37కు ఒక గుణం ఉంది. చెల్లాచెదురుగా ఉన్న జంట పోగుల ఆర్ఎన్ఏను వరసలు కట్టి పేరుస్తుంది. అలా పేర్చిన ఆర్ఎన్ఏ కాపలా గ్రాహకాలకు ఒకటొకటిగా కాక గుంపుగా తగులుతుంది, అలారం మరింత గట్టిగా మోగుతుంది. సోరియాసిస్‌లో చర్మం మీద జరిగే గొడవలో ఈ ఎల్ఎల్-37 పాత్ర ముందే తెలుసు. కరోనా ముక్కలూ అదే పని చేస్తున్నాయి. మామూలు జలుబు తెచ్చే కరోనా వైరస్‌లలో అదే చోటి నుంచి వచ్చే ముక్కలకు ఈ సత్తా అంతగా లేదు. ఒకే కుటుంబంలో ఒకటి తుమ్ములతో పోయి ఇంకొకటి ఐసీయూ దాకా ఎందుకు లాగుతుందో చెప్పడానికి ఇది ఒక దారి.

వైరస్ చచ్చినా దాని ముక్కలు చంపడమేమిటని అనిపిస్తే, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల రైతును అడగండి. చెరువులో ప్లాంక్టన్ అనే సన్న నాచు ఎదుగుతున్నంత కాలం నీళ్లు పచ్చగా, కళగా ఉంటాయి. మబ్బు పట్టి ఒక్కసారిగా పడిపోతే చచ్చిన నాచంతా అడుగు చేరుతుంది. అది కుళ్లుతుంటే ఆక్సిజన్ పడిపోతుంది, అమ్మోనియా లేస్తుంది, తెల్లారేసరికి రొయ్య నీటిపైకి తేలుతుంది. అప్పుడు నాచును చంపే మందు వేసే రైతు ఉండడు. ఏరియేటర్లు తిప్పుతాడు, మేత ఆపుతాడు, అడుగు శుభ్రం చేస్తాడు. కరోనా రెండో వారం వైద్యం కూడా అలాంటిదే. పదో రోజున వైరస్‌ను చంపే మందు కోసం పరుగెత్తడం కన్నా ఆక్సిజన్, రక్తం గడ్డలు, ఒంట్లో లేచిన మంట ముఖ్యం.

మంట అన్నాం గనుక ఇంకొకటి. ‘సైటోకైన్ తుపాను’ అని 2020 నుంచి అందరూ రాస్తున్నారు. తుపాన్లు చూసిన జిల్లా కాబట్టి మాట బాగా అతికింది. కానీ కొలతలు అంత దూరం పోవు. క్యాన్సర్‌కు రోగి నిరోధక కణాలనే మార్చి ఎక్కించే కార్-టీ కణచికిత్సలో వచ్చే అసలైన సైటోకైన్ ఉప్పెనలో రక్తంలోని ఐఎల్-6 అనే సైటోకైన్, ముదిరిన కరోనా రోగుల సగటుతో పోలిస్తే దాదాపు వంద రెట్లు ఎక్కువ. కరోనాలో జరిగేది తుపాను కంటే ముసురు: మోస్తరుగా, ఆగకుండా, ఒకే చోట, ఊపిరితిత్తుల్లో. ముసురుకు ఇల్లు ఒక్కసారిగా కూలదు, గోడ నాని పడుతుంది.

ఇవన్నీ ‘అయి ఉండవచ్చు’ల మీద నడిచే సంగతులేనని కూడా చెప్పాలి. ప్రయోగశాల పళ్లెంలో కణాల మీద పోసే ప్రోటీన్ మోతాదు చాలాసార్లు రోగి రక్తంలో ఉండేదానికంటే ఎక్కువ. బ్యాక్టీరియాలో తయారు చేసిన స్పైక్‌లో ఎల్‌పీఎస్ అనే బ్యాక్టీరియా విషం పిసరంత మిగిలినా అదే టీఎల్ఆర్-4 అనే ఇంకో కాపలా గ్రాహకాన్ని మోగించి, నింద స్పైక్ మీద పడుతుంది. తొలి రోజుల్లో వచ్చిన కొన్ని ఫలితాలను చదివేటప్పుడు ప్రోటీన్ ఎక్కడ తయారైంది, విషం పరీక్ష చేశారా అని చూడటం మాకు అలవాటైంది.

పిల్లల విషయం వేరుగా చెప్పాలి. కరోనా వచ్చిపోయిన 2 నుంచి 6 వారాల తర్వాత, కొన్నిసార్లు అది వచ్చిందనే తెలియని పిల్లల్లో, ఎడతెగని జ్వరం, కళ్లు ఎర్రబారడం, ఒంటి మీద దద్దుర్లు, కడుపునొప్పి, వాంతులు మొదలై బీపీ పడిపోతుంది. దీన్ని మిస్-సి అంటారు. కడుపునొప్పి ఎక్కువగా ఉంటే అపెండిక్స్ అని పొరబడే ప్రమాదం ఉంది. 2024లో నేచర్‌లో వచ్చిన ఫలితం ప్రకారం ఈ పిల్లల్లో దాదాపు మూడోవంతు మందిలో ఎన్ ప్రోటీన్‌లోని ఒక చిన్న భాగానికి, మన ఒంట్లోని ఎస్ఎన్ఎక్స్-8 అనే ప్రోటీన్‌కు పోలిక కుదిరింది. నిరోధక కణాలు దొంగను వెదుకుతూ అదే పోలిక ఉన్న ఇంటివాడిని కొట్టాయి. వైద్యం ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు), స్టెరాయిడ్లు. కిలో బరువుకు 2 గ్రాముల ఐవీఐజీ అంటే 15 కిలోల బిడ్డకు 30 గ్రాములు. ఇది ఊళ్లో సెలైన్ ఎక్కించినట్టు ఎక్కించేది కాదు, గుండె పనితీరు చూస్తూ ఆసుపత్రిలో ఇవ్వాల్సింది.

నిరోధక స్పందన ఎదురు తిరగడం మన జిల్లాలకు కొత్తేమీ కాదు. ఈశాన్య రుతుపవనాలు వచ్చాక డెంగీ చూస్తూనే ఉన్నాం. డెంగీలో నాలుగు రకాలున్నాయి. మొదటిసారి ఒక రకం వచ్చి తయారైన యాంటీబాడీలు, రెండోసారి ఇంకో రకం వస్తే దాన్ని ఆపలేక, కణాల్లోకి మోసుకెళ్లే వాహనాలవుతాయి. అందుకే రెండో డెంగీ ముదిరే ప్రమాదం ఎక్కువ. కరోనాలో ఇలాంటిది జరుగుతుందేమోనని 2020లో చాలా భయపడ్డారు. టీకాలు కోట్లమందికి వేశాక డెంగీ తరహా కీడు మనుషుల్లో కనబడలేదు.

టీకా ప్రస్తావన వచ్చింది గనుక: పైన స్పైక్ గురించి చదివి, ‘టీకాలోనూ అదే ఉందిగా’ అనేవారుంటారు. కొవాగ్జిన్‌లో చంపిన వైరస్ 6 మైక్రోగ్రాములు, భుజం కండలో. కొవిషీల్డ్ స్పైక్ తయారీ సూచన మాత్రమే ఇస్తుంది. రెండింటిలోనూ వైరస్ పెరగదు. కాబట్టి దండోరా ఆపే ఎన్ఎస్‌పీ-1, ఓఆర్ఎఫ్-6 తయారు కావు, వారం రోజుల కుప్ప పేరుకోదు. కొవిషీల్డ్‌తో అరుదుగా వచ్చిన రక్తం గడ్డల జబ్బు నిజమే. అది మన ప్లేట్‌లెట్లలోని పీఎఫ్-4 అనే ప్రోటీన్‌పై యాంటీబాడీలు పుట్టడం వల్ల వచ్చింది, టీకా వేసిన 4 నుంచి 42 రోజుల్లో బయటపడేది. 2021లో వేయించుకున్నవారు ఈ జబ్బు గురించి 2024లో వచ్చిన వార్తలు చదివి, గడ్డల జాడ చూసే డీ-డైమర్ రక్తపరీక్షకు పరుగెత్తడం దండగ.

ఇక చేతలకు వద్దాం. రోజులు లెక్కపెట్టడంలోనే మొదటి తప్పు జరుగుతుంది. పరీక్షలో పాజిటివ్ వచ్చిన రోజు నుంచి కాదు, మొదటి లక్షణం కనబడిన రోజు నుంచి లెక్కించాలి. మూడు రోజులు పారాసిటమాల్‌తో గడిపి నాలుగో రోజు పరీక్ష చేయించుకున్నవాడికి ‘ఇంకా మూడో రోజే’ అనిపించేనాటికి నిజానికి ఆరో రోజు వచ్చేసి ఉంటుంది.

ఆక్సిమీటర్‌కూ పద్ధతి ఉంది. గోరుకు రంగుగానీ గోరింటాకుగానీ ఉంటే అంకె తప్పవచ్చు, వేరే వేలు చూసుకోవాలి. ఐదు నిమిషాలు కూర్చుని, చేయి వెచ్చగా ఉన్నప్పుడు పెట్టి, అంకె నిలకడ పడేదాకా నిమిషం ఆగాలి. తర్వాత చదునైన చోట ఆరు నిమిషాలు మామూలుగా నడిచి మళ్లీ చూడాలి. అరవై దాటినవారు మూడు నిమిషాలు చాలు. నడిచాక 94 కంటే తగ్గినా, మొదటి అంకె నుంచి 3 పడినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఉబ్బసం ఉన్నవారు, కూర్చున్నచోటే ఆయాసపడేవారు ఈ నడక పరీక్ష చేయకూడదు. రోగి నవ్వుతూ మాట్లాడుతూ 88 ఉండడం కరోనాలో వింత కాదు. ఆయాసం లేదని ధీమాపడొద్దు.

డెక్సా (పైన చెప్పిన డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్) ఇంజెక్షన్ విషయంలో ఆర్ఎంపీలకూ, వాళ్లను బతిమాలి వేయించుకునే జనానికీ ఒకే మాట. అది వేసిన పూటే జ్వరం దిగుతుంది, ఒళ్లునొప్పులు పోతాయి, ఆకలేస్తుంది. అందుకే ‘హస్తవాసి మంచిది’ అనిపిస్తుంది. మూడో రోజున వేస్తే, అప్పటికే మూగబోయిన దండోరాను మనం కూడా నొక్కినట్టే. షుగర్ 300కు ఎక్కవచ్చు. 2021 వేసవిలో నల్ల ఫంగస్ పట్టినవారిలో ఎక్కువమందికి షుగర్, స్టెరాయిడ్ రెండూ ఉన్నాయి. ముఖం ఒకవైపు నొప్పి, ముక్కు నుంచి నల్లటి స్రావం, కంటి వాపు, పళ్లు కదలడం దాని గుర్తులు. ఆక్సిజన్ 94 కంటే తగ్గితేనే స్టెరాయిడ్. మొదలుపెట్టాక షుగర్ రోజూ చూడాలి. చీటీలో రాసిన రోజులు దాటి సొంతంగా వాడకూడదు.

2021 మేలో ఆనందయ్య నాటుమందు కోసం కృష్ణపట్నం దారి పట్టిన వేలమందిలో చాలామంది కోలుకున్నారు. ఏ మందూ వేసుకోకపోయినా పదో రోజుకు కరోనా రోగుల్లో ఎక్కువమంది కోలుకుంటారు, కాబట్టి కోలుకోవడం ఏ మందుకూ రుజువు కాదు. దండోరా సరిగ్గా వేళకు పడినవాళ్లు వాళ్లు.

ప్రకటనల సంగతి మీ వ్యాపార విభాగం చూసుకుంటుంది. వార్తల్లోనైనా ‘రోగనిరోధక శక్తి’ తీసి ‘రోగనిరోధక స్పందన’ అని వాడండి. స్పందన తక్కువా ఎక్కువా అవుతుంది, ముందూ వెనకా అవుతుంది, శక్తి అన్న మాటకు ఆ వీలు లేదు. జ్వరాల వార్త వేసిన ప్రతిసారీ పక్కన చిన్న పెట్టెలో రోజుల లెక్క, నడక పరీక్ష, 94 అంకె, స్టెరాయిడ్ షరతు, ఈ నాలుగూ వేయండి. చూర్ణం ప్రకటన పట్టేంత చోటు చాలు.

ఇట్లు,
జీవరసాయన, సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకులు కొందరు,
దర్గామిట్ట, నెల్లూరు